ఓడ చూపులు

24 ఆగస్టు 2025, ఆదివారం

పెళ్ళి ఓడలో అంట.

కళ్యాణ మండపంలో కాదు, రిసార్టులో కాదు, నీళ్ళ మీద తిరిగే ఓడలో. చెన్నైలో ఎక్కడం, మూడు రోజులు సముద్రంలో తిరగడం, మళ్ళీ చెన్నైలోనే దిగడం. రెండో రోజు పొద్దున ముహూర్తం. నవంబర్‌లో. నాగరత్నమ్మ గారు, అంటే కాబోయే అత్తగారు, నాన్నకు ఫోన్ చేసి చెప్పారు. నాన్న నాకు చెప్పాడు. నేను ఈ డైరీలో రాస్తున్నాను. జనవరిలో ఆఫీసులో ఇచ్చింది, ఇంతవరకూ ఒక్క పేజీ ముట్టుకోలేదు.

మా నాన్న కదిరప్పకు బెంగళూరు శివార్లలో, చందాపుర సర్కిల్ దగ్గర టైర్ల అంగడి. ఆయన ఎరిగిన సముద్రం పంక్చరు చూసే నీళ్ళ తొట్టి. ఓడలో పెళ్ళంటే ఏమనాలో తెలియక సరే అనేశాడు. ఖర్చంతా వాళ్ళదే, మన వైపు నుంచి మాత్రం ఇరవై మందికి మించొద్దు అన్నారట. ఇరవై మంది ఏ మూలకు? మా మేనత్త పాపక్క పొయ్యి మీద పులుసు పెడితే వాసనకే ఇరవై మంది వస్తారు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఈ అత్తే. ఓడ మాట వినగానే చేతిలో చేట కింద పెట్టి, ఆడ ఎవురికైనా వాంతి వస్తే యాడికి పోవాలప్పా అంది.

ఆఫీసు గ్రూపులో పెట్టాను. వరసగా వావ్‌లు. ముప్పై ఒక్కేళ్ళకు కుదిరిన సంబంధం, పైగా ఓడ. నాకూ గర్వంగానే ఉంది. రాసుకోవడానికి సిగ్గెందుకు.

30 ఆగస్టు, శనివారం

పెళ్ళికొడుకు అమరనాథ్ మారతహళ్ళి వచ్చాడు. మా ఆఫీసు పక్కన కాఫీ తాగాం. మనిషి మంచివాడు. గొంతు పెంచడు. వెయిటర్‌కు కూడా థాంక్స్ చెబుతాడు. నేను లేస్తే తనూ లేస్తాడు. దేవనహళ్ళికి ఎయిర్‌పోర్ట్ వచ్చాక వాళ్ళ పొలాలన్నీ లేఅవుట్లయ్యాయి, ఒక పెట్రోల్ బంకు కూడా ఉంది. అయినా టెక్కు లేదు.

ఓడ ఎవరి ఐడియా అని అడిగాను. అమ్మది అన్నాడు. నువ్వెప్పుడైనా ఓడ ఎక్కావా అంటే, లేదు, ఫొటోల్లో చూడ్డమే అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ స్పూన్‌తో కాఫీ కలుపుతూనే ఉన్నాడు. అతను చక్కెర వేసుకోడు.

నాది టెస్టింగ్ ఉద్యోగం. పొద్దున లేస్తే ఎవడి కోడ్‌లో తప్పుందా అని వెతకడమే పని. ఈ బుద్ధి ఇంటి మనుషుల మీద చూపించొద్దని అత్త ఎప్పుడూ మొత్తుకుంటుంది. సరే, చూపించను.

5 సెప్టెంబర్, శుక్రవారం

నాగరత్నమ్మ గారు, వాళ్ళాయన మునినారాయణప్ప గారు మా ఇంటికొచ్చారు. ఆవిడ పట్టింపు మామూలుది కాదు. నిశ్చితార్థం రోజు తమలపాకులకు తొడిమలు తుంచలేదని తాంబూలం పళ్ళెం వెనక్కి పంపిన మనిషి. ఇవాళ కూడా రాహుకాలం పోయేదాకా మా గేటు బయట కారులో ఏసీ వేసుకుని కూర్చున్నారు. పాపం మునినారాయణప్ప గారు మాత్రం ఒకసారి దిగి వచ్చి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు.

మా అత్త ఊరుకుంటుందా. పందిరి గుంజ యాడ నాటాల వదినా, ఓడలో మన్ను ఉండాదా అని అడిగింది. మా వైపు పాలుగారే చెట్టు కొమ్మ తెచ్చి, నేలలో నాటి, పసుపు కుంకుమ పెట్టేదాకా పెళ్ళి పని మొదలైనట్టే కాదు. గుంజ వద్దులే అన్నారావిడ. మరి హోమం? ఓడలో అగ్గిపుల్ల కూడా గీయనివ్వరంట. కరెంటు హోమగుండం ఉంటుందంట. ఎర్ర గుడ్డ పీలికలు, కింద ఒక ఫ్యాను, ఒక బల్బు. నిప్పు లేకుంటే ఏమప్పా, మనసు ఉండాది కదా అన్నారు.

అత్త నా వైపు చూసింది. నేను అత్త వైపు చూశాను. ఆకు తొడిమకు రాజీపడని మనిషి నిప్పు లేకపోయినా పరవాలేదంటోంది.

నాన్న రిజిస్ట్రేషన్ సంగతి కదిపాడు. దానికేం తొందర, నిదానంగా చేసుకుందాం అన్నారు మునినారాయణప్ప గారు. వాళ్ళు వెళ్ళాక నాన్న, ఎంత మోడరన్‌గా ఉండారు చూడు అని ఒకటే మురిసిపోవడం. 

12 సెప్టెంబర్

మహాలయ పక్షం. ఎవరూ పెళ్ళి ఊసెత్తరు. హాయిగా ఉంది. ఎందుకు హాయిగా ఉందో ఆలోచించడం లేదు.

25 సెప్టెంబర్, గురువారం

రేపు ఓడ చూడ్డానికి వెళ్తున్నాం. పగలంతా చెన్నై హార్బర్‌లో ఆగుతుందట. పెళ్ళివాళ్ళకు పాసులిచ్చి లోపల తిప్పి చూపిస్తారట. మేం ముగ్గురం, వాళ్ళు ముగ్గురు, పురోహితుడు గురుమూర్తి గారు, ఒక ఫొటోగ్రాఫరు. హాలు చూడ్డానికి పురోహితుడెందుకు అని అడిగాను. వాస్తు చూస్తారు అన్నాడు అమరనాథ్. కదిలే ఓడకు వాస్తు! తూర్పు ఎటు తిరిగితే మేమూ అటు పీటలు జరుపుకుంటూ పోవాలేమో.

నాగరత్నమ్మ గారి మెసేజ్: పసుపు పట్టుచీర కట్టుకుని రామ్మా, ఫొటోలు బాగా వస్తాయి.

నవరాత్రులు కదా. సరే కట్టుకుంటాను.

26 సెప్టెంబర్, శుక్రవారం. ఓడలో

లాంజ్‌లో కూర్చుని గబగబా రాస్తున్నాను. ఎంత పెద్దదో చెప్పడం నా వల్ల కాదు. తెచ్చి చందాపుర సర్కిల్‌లో పెడితే ఫ్లైఓవరూ బస్టాండూ రెండూ కనబడవు. గేటు దగ్గర ఐడీలు తీసుకుని మెడలో పాసులు వేశారు. లోపలంతా కార్పెట్టు, చలి, సెంటు వాసన. ఆ సెంటు కింద సన్నగా డీజిల్ వాసన. నాన్న డెక్ మీద నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నాడు. చిన్నపిల్లాడైపోయాడు.

స్టాన్లీ అని మంగళూరు అతను, ఓడలో ఫంక్షన్లు చూసే మేనేజరు, అన్నీ విడమరిచి చెప్పాడు. తలంబ్రాలకు కింద ప్లాస్టిక్ షీటు వేయాలి. కొబ్బరికాయ కిచెన్‌లో కొట్టుకుని తెచ్చుకోవాలి. పేర్లు ముందే ఇవ్వాలి, పేరు లేనివాళ్ళను హార్బర్ గేటు కూడా దాటనివ్వరు. ఓడ కదిలాక ఎవరూ ఎక్కలేరు, ఎవరూ దిగలేరు. అదే కావాల, పిలవనివాళ్ళు వచ్చే బాధ లేదు అన్నారు నాగరత్నమ్మ గారు. మా వైపు పెళ్ళిళ్ళలో దారిన పోయేవాడు కూడా వచ్చి రెండు అక్షింతలు వేసి, భోంచేసి పోతాడు. అదేం బాధో నాకు అర్థం కాలేదు.

సముద్రం మీద పెళ్ళి అన్నారు కానీ హాలుకు ఒక్క కిటికీ లేదు. సముద్రం కనబడదు.

ఇంకొకటి. ఇక్కడ వరండాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. బాత్రూమ్‌కు వెళ్ళి వచ్చేలోపు రెండుసార్లు దారి తప్పాను. కానీ లిఫ్ట్ దిగగానే స్టాన్లీ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూ వెనకపడితే, నాగరత్నమ్మ గారు ఎవర్నీ అడక్కుండా ఎడమకు తిరిగి, మళ్ళీ ఎడమకు తిరిగి, హాలు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

పిలుస్తున్నారు. ట్రయల్ అంట.

26 సెప్టెంబర్. తిరుగు కారులో, వేలూరు దాటాం

 

పెళ్ళి రోజు హాలు ముప్పావు గంటే ఇస్తారంట. తాళి పళ్ళెం అందరి దగ్గరికీ తిప్పడానికి ఎంతసేపు పడుతుందో చూసుకోవాలని నాగరత్నమ్మ గారు అన్నారు. మా పద్ధతి అది. కొబ్బరికాయ మీద తాళిని పెట్టి పళ్ళెంతో పందిరంతా తిప్పుతారు. వచ్చినవాళ్ళందరూ దాన్ని తాకి కళ్ళకద్దుకోవాలి. అందరి చేతులూ పడ్డ తర్వాతే అది మెడలోకి వస్తుంది. ఇవాళ చుట్టాలు లేరు కదా. స్టాన్లీ ఓడ సిబ్బందిని పిలిచి వరుసగా నిలబెట్టాడు. వెయిటర్లు, లైట్లవాళ్ళు, సెక్యూరిటీ.

గురుమూర్తి గారు సంచీలోంచి పసుపుతాడు తీశారు. పసుపుకొమ్ము కట్టి సిద్ధంగా ఉంది. ఇది ఎందుకు తెచ్చారని నేను అడగలేదు. అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. అత్త మాత్రం, ఉత్తుత్తికి తాళి కట్టేది తప్పు వదినా అంది. సుమ్మనె, ఊరికే ఫొటోకి అక్కా అన్నారు నాగరత్నమ్మ గారు, అని అత్త చెయ్యి పట్టుకుని ఆమెతోనే మొదట తాకించారు. కరెంటు హోమగుండం స్విచ్ వేశారు. గుడ్డ పీలికలు టపటప కొట్టుకున్నాయి. గురుమూర్తి గారు మంత్రం మొదలుపెట్టారు. ఫొటోకి మంత్రం ఎందుకు?

పళ్ళెం వెళ్తోంది. ఒక్కొక్కరూ తాకుతున్నారు. చివర్లో నల్ల కోటు వేసుకున్న ఒక అమ్మాయి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. నాగరత్నమ్మ గారు పళ్ళెం ఇంకా ముందుకు చాచారు. ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసి తల అడ్డంగా ఊపింది. స్టాన్లీ ఇంగ్లీషులో ఏదో కసిరాడు. ఆమె కదల్లేదు. పళ్ళెం వెనక్కి వచ్చేసింది. అమరనాథ్ తాడు తీసి నా మెడలో కట్టాడు. ఒక ముడి చాలు అని ఫొటోగ్రాఫరు అన్నాడు. అతను మూడూ వేశాడు.

తర్వాత బాత్రూమ్ దగ్గర ఆ అమ్మాయే నా కోసం కాచుకుని ఉంది. పేరు జ్యోతి, ఊరు ముళబాగిలు. మన తెలుగే. ఇదే హాల్లో, ఇదే సారుకి, రెండేండ్ల కింద నేను పళ్ళెం తాకినానక్కా, అప్పుడు పెండ్లికూతురు వేరే అంది. పేరు సంధ్య. చింతామణి ఊరి అమ్మాయి. పెళ్ళైన రాత్రి ఫిట్స్ వచ్చిందట. ఓడ డాక్టరు దగ్గరికి పెళ్ళికొడుకు వైపు నుంచి ఎవరూ పోలేదట, తెల్లారేదాకా జ్యోతే పక్కన కూర్చుందట. ఒకసారి తాకి పాపం కట్టుకున్నా, మళ్ళీ తాకను అంది. తన నంబరూ సంధ్య నంబరూ ఇచ్చి వెళ్ళిపోయింది.

ముందు సీట్లో నాన్న, ఐస్‌క్రీములే ఎన్ని రకాలు పెట్టినారో అని డ్రైవర్‌కు చెబుతున్నాడు. నేను తాడు మెడలోంచి లాగేశాను. అత్త నా మణికట్టు పట్టుకుని తాడు లాక్కుని, కళ్ళకద్దుకుని, కొంగున ముడి వేసుకుంది. 

27 సెప్టెంబర్

తాడు అడిగితే అత్త ఇవ్వనంది.

29 సెప్టెంబర్, సోమవారం

సంధ్యకు మెసేజ్ పెట్టాను. నేను వనజను, అమరనాథ్‌తో నా పెళ్ళి కుదిరింది, మీతో మాట్లాడాలి. ఇంతే రాశాను.  సాయంత్రానికి ఒక్కటే ప్రశ్న వచ్చింది.

ఓడ చూపించారా?

4 అక్టోబర్, శనివారం

ఆమె ఉండేది మారతహళ్ళిలో ఒక పీజీ హాస్టల్లో. మా ఆఫీసు ఎదురుగా ఉన్న దర్శిని హోటల్లో రోజూ టిఫిన్ చేస్తుందట. నేనూ అక్కడే చేస్తాను. ఎన్నిసార్లు పక్కపక్కన నిలబడి ఇడ్లీ తిన్నామో.

నాకంటే చిన్నది. ప్లేస్కూల్లో టీచరు. మాట్లాడేటప్పుడు టేబుల్ మీద పడిన చట్నీ చుక్కను టిష్యూతో తుడుస్తూనే ఉంది, అది పోయాక కూడా. ఆమెనూ ముందు ఓడ చూడ్డానికి తీసుకెళ్ళారట. పెళ్ళికి వాళ్ళ వైపు నుంచి పన్నెండు మందినే రమ్మన్నారట. పెళ్ళైన రాత్రే ఫిట్స్. చిన్నప్పుడెప్పుడో ఒకసారి వచ్చిందట, మళ్ళీ లేదట, అందుకని ఎవరికీ చెప్పలేదట. ఓడ దిగగానే కారులో చింతామణి తీసుకెళ్ళి తండ్రి ఇంటి ముందు సామానుతో దింపేశారు. దేవనహళ్ళి ఇంటి గడప ఆమె తొక్కనే లేదు.

పెద్దమనుషుల్ని పెట్టి అడిగిస్తే, పెళ్ళా, ఏ పెళ్ళి అన్నారట. అది యాడ్ షూటింగ్, పిల్లకు డబ్బిచ్చి పెండ్లికూతురి వేషం వేయించినాం అన్నారట. ఫొటోలు చూపిస్తే షూటింగ్ ఫొటోలే కదా అన్నారు. ఆమె తరఫు వాళ్ళు సాక్ష్యం చెబితే, మీ వాళ్ళు మీకు కాక మాకు చెబుతారా అన్నారు. నిజంగా పెండ్లయితే పందిరి గుంజ యాడ నాటినారు, అగ్ని యాది, రిజిస్టరు యాది, చూపించండి అని నాగరత్నమ్మ నిండు సభలో అడిగిందట. అగ్ని లేంది పెండ్లెట్లయితాదప్పా అని ఏడ్చిందట కూడా.

 వాళ్ళు కోడల్ని తెచ్చుకునే ముందు కొన్నాళ్ళు వాడి చూస్తారు. నచ్చితే పెళ్ళి, నచ్చకపోతే షూటింగ్. దానికి ఓడ కంటే మంచి చోటు ఎక్కడుంది?

సంధ్యకు డబ్బు వద్దట. అతనితో కాపురమూ వద్దట. వాళ్ళ వైపు నుంచి ఒక్కరు, ఒకే ఒక్కరు, నువ్వు ఈ ఇంటి కోడలివే అంటే చాలక్కా అంది. నల్లపూసలు ఇంకా ఉన్నాయి. కుర్తా లోపల వేసుకుంటుంది. నాకు కోపం వచ్చింది. వాళ్ళ మీదో ఆమె మీదో తెలియలేదు.

5 అక్టోబర్, ఆదివారం

నాన్నకు చెప్పాను. అంగడిలో, షట్టరు సగం దించి. ముందు, ఆ పిల్ల అబద్ధం చెప్పకూడదా అన్నాడు.  తర్వాత పక్కనున్న టైరును కాలితో తన్నాడు. మా నాన్న టైర్లకు ఆయుధపూజ రోజు హారతి ఇచ్చే మనిషి. ఇంటికొచ్చి దేవనహళ్ళికి ఫోన్ చేశాడు. పెళ్ళి మా ఇంటి ముందర చేయాల, గుంజ నాటాల, నిప్పుల సాక్షిగా చేయాల, రిజిస్ట్రేషన్ ముందే కావాల అన్నాడు. ఆలోచిస్తాం అన్నారట.

7 అక్టోబర్, మంగళవారం

అమరనాథ్ ఫోన్ చేశాడు. సంధ్య ఎవరు అని సూటిగా అడిగేశాను.  అదే మెత్తని గొంతుతో, అమ్మ అది షూట్ అంది వనజా అన్నాడు. అది షూట్ అని తను అనలేదు. అమ్మ షూట్ అంది అన్నాడు.

పెళ్ళి వద్దని చెప్పేశాను. సరే, అమ్మకు చెబుతా అన్నాడు. థాంక్స్ కూడా చెప్పాడు.

ఒళ్ళంతా తేలికైంది. ఆ పూట రెండు ప్లేట్ల బిరియానీ తిన్నాను.

9 అక్టోబర్, గురువారం

తేలిక అని రాసిన చేతిని కొట్టాలి.

నాగరత్నమ్మ వచ్చింది. గారు అనడం ఇక నా వల్ల కాదు. నడి రాహుకాలంలో వచ్చింది, గేటు బయట ఒక్క నిమిషం ఆగలేదు. స్వీట్లు, పూలు, పట్టుచీర. సోఫాలో కూర్చుని ట్యాబ్ తీసి వీడియో పెట్టింది. నాదస్వరం మ్యూజిక్. నా పసుపు చీర. పళ్ళెం తిరుగుతోంది, చేతులు తాకుతున్నాయి, అత్త చెయ్యి మొదటిది. అమరనాథ్ మూడు ముళ్ళు వేస్తున్నాడు. నేను నవ్వుతున్నాను. పళ్ళు కనబడేలా నవ్వుతున్నాను. జ్యోతి వెనక్కి జరిగిన చోటు కత్తిరించేశారు.

పెండ్లి అయిపోయింది కదన్నా, ఇంగ పిల్లను పంపించేదే మిగిలింది అంది నాన్నతో. అది ట్రయల్ కదా అని నాన్న అరిచాడు. మూడు ముళ్ళు వేసినాక ట్రయల్ ఏందన్నా అంది. నిప్పు లేదే అన్నాడు నాన్న. నిప్పుదేముందన్నా, మనసు ఉండాది కదా. ఏమీ తొణకలేదు. వీడియో అప్పుడే చుట్టాలందరికీ పంపేసిందట. నవంబర్‌లో రిసెప్షన్ మాత్రమే అని చెప్పేసిందట.

సంధ్యకు ఫోన్ చేస్తే ఆశ్చర్యపోలేదు. ఒక కోడలు ఏమైందని ఊళ్ళో గుసగుసలు ఆగలేదక్కా, రెండోది కూడా పోతే వాళ్ళు తల ఎత్తుకోలేరు, నిన్ను వదలరు అంది.

12 అక్టోబర్, ఆదివారం

పొద్దుటి నుంచి కంగ్రాట్స్ ఫోన్లు. హోసూరు నుంచి, హిందూపురం నుంచి. మాకు చెప్పకుండా ఓడెక్కినారే అని నిష్టూరాలు. అది పెళ్ళి కాదని నేను చెబుతుంటే అవతలివాళ్ళు వీడియో చూసినాం లేమ్మా అంటున్నారు. నా ముఖమే నా మీద సాక్ష్యం చెబుతుంటే నేనేం చేయను.

అన్నిటికంటే అత్త. రెండు రోజులుగా ముద్ద మింగలేదు. తాడు కొంగులోనే ఉంది. గట్టిగా అడిగితే బయటపడింది. పళ్ళెం నేను గూడా తాకినా కదే, మూడు ముళ్ళు నా కండ్లతో చూసినా, ఉత్తుత్తిది అని మనుషులకు చెప్తావు సరే, దేవునికి ఎవురు చెప్తారు అంది. నేను నెత్తి కొట్టుకున్నాను. నువ్వు కూడానా అత్తా అని ఏడ్చాను. చాలాసేపు నా వీపు రాసింది. తర్వాత ఉన్నట్టుండి, అట్లయితే ఆ సంధ్యది గూడా పెండ్లే కదే, ఫస్టు పెండ్లి అదే కదా అంది.

అవును. నాది పెళ్ళయితే ఆమెది అంతకుముందు పెళ్ళి. మొదటి భార్య ఉండగా నాది చెల్లదు. వాళ్ళు నన్ను కట్టెయ్యాలంటే ఆమెను ఒప్పుకోవాలి. ఆమెను కాదనాలంటే నన్ను వదలాలి. తొమ్మిదేళ్ళు టెస్టింగ్ చేసిన నాకు తట్టంది మా అత్తకు తట్టింది.

18 అక్టోబర్

జ్యోతి ఫోన్ స్విచ్ ఆఫ్. ఓడ కొలంబో వైపు వెళ్ళిందట. వెతికితే స్టాన్లీ నంబరు దొరికింది, అలాంటి సిబ్బంది ఎవరూ గుర్తు లేరన్నాడు.

24 అక్టోబర్, శుక్రవారం

ఆదివారం దేవనహళ్ళిలో, వాళ్ళింట్లోనే పంచాయితీ. మా కులపెద్ద ఆవులప్ప కూర్చుంటాడు. సంధ్యను కూడా రమ్మన్నాను. నేను మీ తరఫున మాట్లాడతాను అని మాటిచ్చాను. నిజంగానా అక్కా అని నాలుగుసార్లు అడిగింది.

కానీ ఇవాళ నాన్న రాజీ ఖాయం చేసుకుని వచ్చాడు. ఆవులప్ప మధ్యవర్తి. వాళ్ళు నన్ను వదిలేస్తారంట. వీడియో కూడా తీసేస్తారంట, అది పెళ్ళి కాదు షూటింగ్ అని అందరికీ చెబుతారంట. బదులుగా నేను సభలో ఒక్క మాట అనాలి. ఓడలో జరిగేవి షూటింగులే, నాదీ షూటింగే, ఆ అమ్మాయిదీ షూటింగే అని. అదే ఓడలో పెళ్ళికూతురిగా కూర్చున్న నేనే ఆ మాట అంటే సంధ్య నోరు ఇక ఎప్పటికీ లేవదు.

వద్దన్నాను. నాన్న నా చేతులు పట్టుకున్నాడు. ఆ పిల్ల ఎవరో, నువ్వు నా బిడ్డవి, ఒక్క మాటమ్మా, అంతే, ఇంటికొచ్చేద్దాం అన్నాడు. ఏడ్చాడు. అమ్మ పోయినప్పుడు తప్ప ఆయన ఏడవడం నేను చూడలేదు.

సరే అన్నాను.

26 అక్టోబర్, ఆదివారం. కారులో

హెబ్బాళ దాటాం. నాన్న నా ముఖం చూడ్డం లేదు. అత్తకు రాజీ సంగతి చెప్పలేదు, ఇంట్లోనే వదిలేశాం. సంధ్య బస్సులో వస్తోంది. ఇప్పుడే మెసేజ్ పెట్టింది. పట్టుచీర కట్టుకున్నానక్కా, మరీ ఎక్కువైందా అని.

బాగుంటుంది అని రాశాను. ఆ మాట అనడం ఎంతసేపు పని. నాన్న చెప్పినట్టు ఒక్క మాట. అని ఇంటికి పోతాను. ఆమె నల్లపూసలు ఆమె ఇష్టం. 

26 అక్టోబర్. దేవనహళ్ళి

పట్టుచీర కట్టుకుని సంధ్య ఎదురుగా కూర్చుని నా వైపే చూస్తుంటే షూటింగ్ అనలేకపోయాను. పెళ్ళే అన్నాను. సంధ్యది పెళ్ళి, నాది దాని తర్వాతది కాబట్టి చెల్లని పెళ్ళి, నిప్పు లేకపోయినా మనుషులు చేతులతో తాకారు అన్నాను. నాన్న నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. ఆవులప్ప కండువా దులుపుకుని లేచాడు. మాట తప్పినాక నాకేం పని అని బయటికి నడిచాడు. నాన్న ఆయన్ను బతిమాలుకుంటూ గేటు దాకా వెళ్ళాడు.

నాగరత్నమ్మ కోపం తెచ్చుకోలేదు. నవ్వింది. అట్లే కానీండమ్మా, ఇద్దురూ ఈ ఇంటి కోడళ్ళే, కోడళ్ళు ఉండాల్సింది ఇంట్లోనే కదా అంది. గేటుకు తాళం వేయించింది. ఫోన్లు ఛార్జింగ్ పెడతానని అమరనాథ్ మర్యాదగా అడిగి తీసుకుపోయాడు. మమ్మల్ని మేడ మీద గదిలో కూర్చోబెట్టారు. నాన్న గేటు ఊచలు పట్టుకుని నా పేరు పెట్టి అరుస్తున్నాడు. కిటికీలోంచి కనబడుతున్నాడు. సంధ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

కింద ఆకులు వేస్తున్నారు. నాగరత్నమ్మ మెట్ల దగ్గరికి వచ్చి భోజనానికి పిలుస్తోంది. పెద్ద కోడలా, ముందు నువ్వు రామ్మా అంటోంది.

సంధ్య నా చెయ్యి వదిలేసి, నల్లపూసలు చీర మీదికి తీసి వేసుకుని లేచింది.